సీ సోర్స్ కోడ్‌తో అమ్మే అరువు ఖాతా ప్రోగ్రామ్‌లు కొనేవాళ్లూ, జాగ్రత్త!

మా బావ కిరాణా కొట్టు అరువు ఖాతా కోసం సీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన చిన్న ప్రోగ్రామ్ ఒకటి, సోర్స్ కోడ్‌తో (ప్రోగ్రామ్ అసలు రాతతో) సహా ఆన్‌లైన్‌లో కొన్నాం. అమ్మినవాళ్ల పేరు చెప్పను. ఇలాంటి సరుకు అమ్మేది వాళ్లొక్కరే కాదు.

కొత్త పేర్లు చేర్చినంతకాలం ఏ గొడవా లేదు. పాత బాకీలు దిద్దడం మొదలెట్టాకే అసలు రంగు బయటపడింది. రమణ బాకీ 950ని 1050 చేస్తే, కింది వరుసలో కమల పేరు మొదటి అక్షరం పోయి పిచ్చి గుర్తులొచ్చాయి. తర్వాత రమణ మొత్తం కట్టేశాడని 0 వేస్తే, కింద ఎవరి పేరూ లేకుండా ఉత్త 50 మిగిలింది. ఆ యాభై ఎవర్ని అడగాలి?

కోడ్ తెరిచి చూస్తే సంగతి తెలిసింది. ఫైల్‌ను ‘ఆర్ ప్లస్’ మోడ్‌లో (ఉన్న ఫైల్‌నే చదవడానికీ రాయడానికీ) తెరిచి, ఫైల్‌లో కావాల్సిన చోటికి తీసుకెళ్లే ఎఫ్‌సీక్‌తో ఆ వరుస దగ్గరికెళ్లి, పాతదాని మీదే ఎఫ్‌ప్రింట్‌ఎఫ్ (ఫైల్‌లో రాసే ఆదేశం) కొట్టేశారు. అలా రాస్తే ఫైల్‌లో మిగతా వరుసలు జరిగి చోటివ్వవు. ఒక్క బైట్ (ఫైల్‌లో ఒక చిన్న గడి) ఎక్కువైనా కింది వరుసను తినేస్తుంది, తక్కువైతే పాత అంకెలు తోకలా మిగిలిపోతాయి. అక్షరాల్ని ఫైల్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ‘క’ మూడు బైట్లు. మొదటిది పోతే మిగతా రెండూ దేనికీ పనికిరావు.

ఫోన్ చేస్తే ‘మీ సిస్టమ్‌లో వైరస్ ఉందేమో’ అన్నారు. గట్టిగా అడిగితే అప్‌డేట్ పంపారు. అది ఇంకా ఘోరం. ఖాతా అంతా మెమరీలోకి చదివి, అదే ఫైల్‌ను ‘డబ్ల్యూ’ మోడ్‌లో తెరిచి తిరగరాస్తుంది. ఆ మోడ్‌లో తెరవగానే ఫైల్ ఖాళీ అయిపోతుంది. రాస్తుండగా కరెంటు పోయిందా, ఖాతా గోవిందా! డబ్బు వాపసు అడిగితే, సోర్స్ కోడ్ ఇచ్చాక రిఫండ్ ఉండదట.

కొనే ముందు డెమోలో ఒక చిన్న అంకెను పెద్దది చేయించండి, మళ్లీ చిన్నది చేయించండి. వాళ్ల స్క్రీన్ కాదు, ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. దిద్దినప్పుడు ఎక్కడ రాస్తారో కూడా అడగండి. అంతా వేరే ఫైల్‌లో రాసి, ఎఫ్‌క్లోజ్ (ఫైల్ మూయడం) సరిగ్గా అయిందో లేదో చూసుకుని, ఆ తర్వాతే దానికి పాత పేరు పెడతామంటే నమ్మొచ్చు. విండోస్‌లో ఆ పేరుతో ఫైల్ ఉండగా సీలో ఫైల్ పేరు మార్చే రీనేమ్ ఒప్పుకోదు. అందుకని కొందరు రాత పూర్తి కాకముందే పాతది డిలీట్ చేసేస్తారు, అదీ చూసుకోండి.

ఇప్పటికే కొన్నవాళ్లు ముందు ఆ ఫైల్ కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. అమ్మినవాళ్లతో గొడవ ఆ తర్వాత పెట్టుకోవచ్చు.