పాత పాప్ పాటకు పుట్టుపూర్వోత్తరాలు చెప్పే చోటు: డిస్కాగ్స్ సమీక్ష

పాత పాప్ పాటలు వినడానికి ఈనాడు సాధనాలకు కొదవ లేదు గాని, మనం వింటున్నది ఆ పాటకు ఉన్న రూపాలలో ఏదో, దానిని ఎవరు, ఎప్పుడు, ఏ దేశంలో విడుదల చేశారో నమ్మకంగా చెప్పగల చోట్లు బహు తక్కువ. డిస్కాగ్స్ అనే వెబ్‌సైటు ఆ పని చేస్తుంది. కెవిన్ లెవాండోవ్‌స్కీ అనే ప్రోగ్రామర్ 2000లో దీనిని ఎలక్ట్రానిక్ సంగీతపు రికార్డుల పట్టికగా ప్రారంభించారు. తరువాత అది అన్ని రకాల సంగీతానికీ విస్తరించింది, రికార్డులు కొని అమ్ముకునే అంగడి కూడా దానికి తోడయింది. పట్టికను నింపేది చాలా మేరకు అభిమానులే. తమ దగ్గరున్న రికార్డును, క్యాసెట్‌ను, సిడిని చేతిలోకి తీసుకుని, దాని మీద ఏముందో చదివి, ఉన్నది ఉన్నట్టు ఎక్కిస్తారు. నా అభిప్రాయం ముందే చెబుతాను: సమాచార నిధిగా దీనికి సాటి వచ్చేది నాకు కనిపించలేదు, అంగడిగా మాత్రం దీనిని ఒళ్లు దగ్గర పెట్టుకుని వాడుకోవాలి.

ఒకే పాటకు ఇన్ని రూపాలెందుకన్న సందేహం కొత్తవారికి సహజం. 1949లో ఆర్‌సీఏ విక్టర్ ప్రవేశపెట్టిన ఏడంగుళాల 45 ఆర్‌పీఎం (నిమిషానికి 45 సార్లు తిరిగే) రికార్డులో వైపుకు సాధారణంగా ఒక్క పాటే ఉండేది కనుక, దానికీ రేడియోకూ సరిపడేలా పొడవైన పాటలను కుదించేవారు. 1970ల నడిమిలో డిస్కో క్లబ్బుల కోసం వచ్చిన పన్నెండంగుళాల సింగిల్‌లో (ఒకటి రెండు పాటల రికార్డులో) సూది నడిచే గాడుల మధ్య ఎడం ఎక్కువ కాబట్టి, అదే పాటను నిండైన బేస్‌తో, పెద్ద ధ్వనితో, రెట్టింపు నిడివితో కూడా ఇవ్వగలిగారు. ఆల్బంలో ఉన్న రూపం వేరు, 1982లో సిడి వచ్చాక దానికోసం తయారైనది వేరు, 1990ల నుంచి శబ్దతీవ్రత పెంచే పోటీలో మెత్తని చోట్లకూ బిగ్గరైన చోట్లకూ ఉన్న తేడాను నలిపివేసిన రీమాస్టర్లు (పాత మూల ధ్వని నుంచి మళ్లీ సిద్ధం చేసినవి) వేరు. స్ట్రీమింగ్ సేవలలో తరచుగా ఎదురయ్యేది రీమాస్టరే. చిన్ననాడు విన్న పాట ఇప్పుడు ఎందుకో కొత్తగా తోస్తున్నదని ఎవరైనా అంటే, ఆ లోపం వారి జ్ఞాపకానిది కాకపోవచ్చు; అది నిజంగానే ఆ పాటకు మరొక రూపం అయి ఉండవచ్చు.

ఈ చిక్కును డిస్కాగ్స్ పరిష్కరించిన తీరు నాకెంతో నచ్చింది. ఒక ఆల్బంకు ఒక ప్రధాన పేజీ ఉంటుంది. దాని కింద ఆయా దేశాలలో, ఆయా సంవత్సరాలలో, ఎల్‌పీగా (పెద్ద రికార్డుగా), క్యాసెట్‌గా, సిడిగా వచ్చిన ప్రతి ముద్రణకూ విడి పేజీ ఉంటుంది. బాగా అమ్ముడైన ఆల్బంలకు ఈ ముద్రణలు వందల సంఖ్యలో ఉంటాయి, వాటిని దేశం, సంవత్సరం, రూపం ప్రకారం వడపోసుకోవచ్చు. విడి పేజీలో విడుదల చేసిన సంస్థ (లేబుల్) పేరు, కేటలాగ్ నంబరు, పాటల నిడివి, అట్ట ఫొటోలు, లోపలి కాగితంపై ఉన్న వివరాలు కనిపిస్తాయి. జపాన్ ముద్రణలకు అట్ట అంచున చుట్టే కాగితపు పట్టీ ఉందో లేదో కూడా చాలా పేజీలలో రాసి ఉంటుంది.

నేను అన్నిటికన్నా ఇష్టంగా చదివేది రన్‌అవుట్ అన్న భాగాన్ని. రికార్డులో పాట ముగిశాక, నడిమిన అంటించిన కాగితానికి ముందు, శబ్దం లేని ఒక వలయం మిగులుతుంది. అక్కడ ముద్రణకు మూలమైన మాస్టర్ డిస్కును కోసిన ఇంజనీరు చేత్తో గీసిన అంకెలూ అక్షరాలూ ఉంటాయి. బయటికి ఒకేలా కనిపించే రెండు రికార్డులలో తొలి ముద్రణ ఏదో, తరువాతిది ఏదో చాలాసార్లు తేల్చేది ఆ గీతలే. బ్రిటన్‌లో జార్జ్ పెక్హామ్ అనే ఇంజనీరు తాను కోసిన రికార్డులలో ‘ఎ పోర్కీ ప్రైమ్ కట్’ అని గీసేవారు. ఆ నాలుగు మాటలు కనబడితే సేకర్తలకు ఈనాటికీ ప్రాణం లేచివస్తుంది. దీపం కింద రికార్డును వాల్చి పట్టుకుని, మసక గీతలను అక్షరం అక్షరంగా కూడబలుక్కుని, ఎవరో తెలియని తోటి అభిమాని కోసం వాటిని నమోదు చేసిన వేలమంది ఓపికకు నేను మనసారా కృతజ్ఞుణ్ణి.

పాత పాటలతో అనుబంధాన్ని పెంచే మరొక సదుపాయం కళాకారుల జాబితా. గాయకుల పేర్లతో ఆగకుండా వాయిద్యకారులు, కోరస్ పాడినవారు, ఇంజనీర్లు, అట్ట చిత్రకారుల పేర్లు కూడా ఇస్తారు. ఏ పేరు నొక్కినా ఆ వ్యక్తి పనిచేసిన రికార్డులన్నీ వరుసగా కనిపిస్తాయి. నైల్ రాడ్జర్స్ పేరు నొక్కి చూడండి. షిక్ అనే డిస్కో బృందంలో గిటార్ వాయించిన ఆ మనిషే డేవిడ్ బౌవీ 1983 ఆల్బంకూ, మడోనా 1984 ఆల్బంకూ నిర్మాత అని తెలుస్తుంది. మడోనా ఆల్బంలో బేస్ వాయించిన బెర్నార్డ్ ఎడ్వర్డ్స్, డ్రమ్స్ వాయించిన టోనీ థాంప్సన్ కూడా షిక్ సభ్యులేనని ఆ వెంటనే కనబడుతుంది. ఈ రికార్డుల మధ్య మన చెవికి ఎప్పటినుంచో తెలిసిన పోలికకు అక్కడ కారణం దొరుకుతుంది. పాటల ఎంపికను యంత్రానికి వదిలేసే సేవలకన్నా, ఇలా పేరు వెంట పేరు పట్టుకుని వెళ్లడంలోనే పాత సంగీతంలో కొత్తదనం దొరుకుతుందని నా గట్టి నమ్మకం.

అభిమానుల సమూహం గురించి చెప్పకపోతే సమీక్ష సగమే అవుతుంది. ఎక్కించిన వివరాలను మిగతా సభ్యులు పరిశీలించి సరైనవనో, సవరించాలనో ఓటు వేస్తారు. ప్రతి మార్పూ ఎవరు, ఎందుకు చేశారో చరిత్రలో నిలిచి ఉంటుంది. నియమావళి పొడవైనది. పెద్దక్షరాలు, కామాలు, నిడివి రాసే పద్ధతి వంటి వాటిపై కూడా నియమాలున్నాయి. అనుభవజ్ఞులలో కొందరు కొత్తవారి పొరపాట్లను ముక్కుసూటిగా, ఒక్కోసారి కటువుగా ఎత్తిచూపుతారు. ఆ కాఠిన్యం వల్లనే వివరాలు నమ్మదగినవిగా నిలిచాయన్నది నిజమే అయినా, ఉత్సాహంతో మొదటి రికార్డు ఎక్కించిన వారిని నొప్పించకుండా కూడా ఆ మాటే చెప్పవచ్చు. సేకర్తలు తక్కువగా ఉన్న భాషల సంగీతమూ, ముఖ్యంగా క్యాసెట్లూ ఇక్కడ పలచగా ఉండడం మరో లోటు. దానిని తీర్చగలిగేది ఆ క్యాసెట్లు దాచుకున్నవారే.

అంగడి సంగతికి వస్తే, మొదట నేర్చుకోవలసింది గ్రేడులు, అంటే వస్తువు ఎంత బాగున్నదో చెప్పే మెట్లు. రికార్డుకూ అట్టకూ గ్రేడు విడివిడిగా ఇస్తారు. గోల్డ్‌మైన్ అనే రికార్డు సేకర్తల పత్రిక ప్రమాణం ప్రకారం మింట్, నియర్ మింట్, వెరీ గుడ్ ప్లస్, వెరీ గుడ్, గుడ్ ప్లస్, గుడ్, ఫెయిర్, పూర్ అని దిగుతూ పోయే ఈ వరుసలో ‘గుడ్’ అన్నది కింది మెట్లలో ఒకటి. ఆ గ్రేడు రికార్డులో గీతల చప్పుడు పాట పొడవునా వినబడుతుంది. వినడానికి కొనేవారు వెరీ గుడ్ ప్లస్ కన్నా దిగకపోవడం మంచిది. గ్రేడు నిర్ణయించేది అమ్మేవారే కనుక, వారికి గతంలో వచ్చిన అభిప్రాయాలు చదవడం, రన్‌అవుట్ గీతల ఫొటో అడగడం తప్పనిసరి అనుకోండి. అనధికార ముద్రణలను పట్టికలో ఉంచుతూనే అమ్మకానికి నిషేధించడం మెచ్చదగిన పద్ధతి. 2023లో అమ్మకందారుల రుసుమును 8 శాతం నుంచి 9 శాతానికి పెంచి, తపాలా ఖర్చుపై కూడా విధించడం మాత్రం చిన్న అమ్మకందారులకు భారమైంది. ఆ భారం చివరకు కొనేవారి మీదే పడుతుంది.

తమ సేకరణను నమోదు చేసుకునే సదుపాయం ఉచితం. ఫోన్ యాప్‌తో బార్‌కోడ్ చూపితే చాలు గాని, పాత రికార్డులలో చాలావాటికి బార్‌కోడే ఉండదు. వాటికి కేటలాగ్ నంబరుతో వెతకడం ఉత్తమం. నమోదు చేయగానే మొత్తం సేకరణ విలువ ఇంత అని తెర మీద అంకె చూపడం నాకు నచ్చలేదు. ఎంతో ఇష్టంగా వినే రికార్డు ధర తక్కువ, ఎన్నడూ వినని రికార్డు ధర ఎక్కువ అని తెలిసి ఎవరికీ సంగీతం మీద ప్రేమ పెరగదు. అదృష్టవశాత్తు ఆ అంకెను పట్టించుకోకపోయినా మిగతావన్నీ చక్కగా పనిచేస్తాయి.

అభిమానులు ఇంత శ్రమ ఒక వ్యాపార సంస్థకు ధారపోయడం సబబేనా అని నన్ను అడిగినవారున్నారు. డిస్కాగ్స్ తన పట్టిక సమాచారాన్ని నెలనెలా అందరికీ విడుదల చేస్తుంది, ఎవరైనా ఎటువంటి షరతూ లేకుండా వాడుకునేలా హక్కులు వదులుకుంటుంది. రేపు ఈ సంస్థ మూతపడినా, చేతులు మారినా, ఆ గీతలూ పేర్లూ తేదీలూ మరొకచోట మళ్లీ నిలబెట్టుకోవచ్చు. నా రికార్డుల వివరాలను నేను నిస్సంకోచంగా అక్కడ చేర్చడానికి ముఖ్య కారణం అదే.