మిల్లులో దుమ్ము తీయడానికి ఏది మేలు: చీపురా, గాలి పైపా, వాక్యూమా?

వానకాలం వడ్లు మిల్లులకు రావడం మొదలైందంటే మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు నుంచి నాకు వచ్చే ప్రశ్న ఒకటే. "కంప్రెషర్ గాలితో పని అయిపోతుంటే వాక్యూమ్ మిషన్ ఎందుకు కొనాలి?" 2025 జూన్ 30న పాశమైలారంలో పొడి తయారుచేసే ఫ్యాక్టరీలో పేలుడు జరిగి నలభై మందికి పైగా చనిపోయాక ఈ ప్రశ్న ఇంకా ఎక్కువైంది. మిల్లు యజమానులే కాదు, మిల్లులో పనిచేసేవాళ్ల ఇంట్లోవాళ్లు కూడా అడుగుతున్నారు.

శుభ్రం చేయాలా వద్దా అన్న చర్చ ఇప్పుడు అక్కర్లేదు. చెత్తా దుమ్మూ రోజూ ఊడ్చి తీసేయాలని, పని గదుల నేలను కనీసం వారానికోసారి కడిగి గానీ మరో మంచి పద్ధతిలో గానీ శుభ్రం చేయాలని 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే 11వ సెక్షన్‌లో చెప్పింది. మన మిల్లులు కూడా ఏదో ఒకటి చేస్తూనే ఉన్నాయి. దేనితో చేస్తున్నారు అన్నదాన్ని బట్టే ప్రమాదం తగ్గడమో పెరగడమో ఉంటుంది.

నేను ముందు చూసేది ఒక్కటే: తీసిన దుమ్ము ఎక్కడికి పోయింది? సంచిలో పడి బయటికి పోయిందా, గాల్లోకి లేచి మళ్లీ దూలాల మీద కూర్చుందా? ఖర్చు, టైమ్, మనుషులు, ఇవన్నీ ఆ తర్వాతి లెక్కలు.

తవుడు పొడి, వడ్ల దుమ్ము కుప్పగా ఉన్నప్పుడు అంటుకుంటే మెల్లగా కాలుతుంది. అదే దుమ్ము మూసి ఉన్న చోట గాల్లోకి చిక్కగా లేచి, దానికి ఒక్క నిప్పురవ్వ తోడైతే పేలుతుంది. వడ్లను పైకి ఎత్తే ఎలివేటర్ బెల్టు జారి పుల్లీకి రాసుకున్నా, బేరింగ్ పట్టేసి కాలిపోతున్నా ఆ నిప్పు దొరికినట్టే. మొదటి పేలుడు చాలాసార్లు చిన్నదే. దాని అదురుకు దూలాల మీద, రేకుల కింద నెలల తరబడి పేరుకున్న దుమ్మంతా ఒక్కసారిగా రాలుతుంది. రెండో పేలుడు దాంతోనే వస్తుంది, ప్రాణాలు తీసేది అదే. 2008 ఫిబ్రవరి 7న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఒక చక్కెర ఫ్యాక్టరీలో ఇలాగే జరిగింది. కన్వేయర్‌లో మొదలైన పేలుడు, భవనమంతా పేరుకున్న చక్కెర పొడిని లేపి అంటించింది. 14 మంది చనిపోయారు. తినే చక్కెరే అంత పని చేసింది. మన తవుడులో నూనె కూడా ఉంటుంది.

ఇక గాలి పైపు సంగతి. అందరికీ ఇదంటే ఎందుకిష్టమో నాకు తెలుసు. అయిదు నిమిషాల్లో మిషన్ కొత్తదానిలా కనిపిస్తుంది, చెయ్యి దూరని సందుల్లోంచి కూడా దుమ్ము ఎగిరిపోతుంది. కానీ గాలి కొట్టిన పాలిషర్ (బియ్యానికి మెరుగు పెట్టే మిషన్) పక్కన నిలబడి ట్యూబ్‌లైటు వైపు చూడండి. ఆ వెలుగులో పొడి ఇంకా తేలుతూనే ఉంటుంది. మర్నాడు పొద్దున ప్యానెల్ బోర్డు పైన వేలితో గీస్తే గీత పడుతుంది. మిషన్ మీది దుమ్మే అది, అక్కడికి చేరింది, అంతే. మోటారు రెక్కల మధ్య పడ్డది నూనె జిడ్డుతో అంటుకుపోయి మోటారును వేడెక్కిస్తుంది.

అమెరికాలో ధాన్యం గిడ్డంగులకూ మిల్లులకూ పెట్టిన నియమం ప్రకారం గోడలు, గట్ల మీది దుమ్మును గాలితో ఊదాలంటే ఆ చుట్టుపక్కల నిప్పు పుట్టించగల మిషన్లన్నీ ముందు ఆపాలి. మన దగ్గర సీజన్‌లో, అందులోనూ సీఎంఆర్ (సర్కారు వడ్లు ఆడించి బియ్యం తిరిగి అప్పగించే) గడువు ముంచుకొస్తున్నప్పుడు, గాలి కొట్టడం కోసం మిల్లు ఆపేవాళ్లు ఎంతమంది? ఆపరు. నడుస్తున్న మిల్లులోనే కొడతారు. కాగితం మీద గాలి పైపును ఎంత సమర్థించినా, నేను ఒప్పుకోనిది ఇందుకే.

ఇంకొకటి, షిఫ్టు దిగేటప్పుడు అదే పైపుతో ఒంటి మీది దుమ్ము దులుపుకోవడం. కంప్రెషర్‌లో గాలి మామూలుగా 6, 7 బార్ల ఒత్తిడితో ఉంటుంది. శుభ్రం చేయడానికి వాడే గాలి 30 పీఎస్ఐ, అంటే సుమారు 2 బార్లు దాటకూడదని అమెరికా నియమం. కంప్రెషర్ ఒత్తిడికి ఊక ముక్క కంట్లో గుచ్చుకుంటే నల్లగుడ్డు మీద పుండు పడి చూపే పోవచ్చు. సరదాకని పైపు ఒకరి వెనక పెడితే పేగులు చిరిగి ప్రాణం పోతుంది, మన దేశంలో అలా పోయినవాళ్లున్నారు. ఈ ఆటను ఏ మిల్లులోనూ చూసీ చూడనట్టు వదిలేయొద్దు.

చీపురును తక్కువ చేయను. నేల మీద, మెట్ల మీద దానికి మించింది లేదు. యాభై కిలోల బస్తా భుజాన వేసుకుని నడిచే హమాలీకి కాలి కింద జారే గుప్పెడు వడ్లు చాలు, నడుం విరగడానికి. ఆ వడ్లు ఎత్తడానికి మిషన్ ఎందుకు? మెత్తటి చీపురుతో, విసురుగా కాకుండా నెమ్మదిగా లాగితే దుమ్ము పెద్దగా లేవదు. కానీ దూలాలకు అది అందదు, ఎలివేటర్ పిట్‌లో, అంటే దాని అడుగు గోతిలో, అరకొరగానే తీస్తుంది. పైగా మన మిల్లుల్లో ఊడ్చేది ఎక్కువగా ఆడవాళ్లే. తిరుగుతున్న షాఫ్టులు, బెల్టులను శుభ్రం చేసే పని ఆడవాళ్లకు అప్పగించకూడదని అదే ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్‌లో ఉండేది. చీర కొంగు బెల్టులో చిక్కుకోవడానికి రెప్పపాటు చాలు.

నా మొగ్గు వాక్యూమ్ వైపే. దూలాలు, ప్యానెల్ బోర్డుల పైభాగం, ఎలివేటర్ పిట్, ఈ మూడు చోట్లా దుమ్మును లేపకుండా సంచిలోకి లాగేది అదొక్కటే. ధర ఎక్కువే, కాదనను. ఫిల్టర్ తరచూ పూడుకుపోతుంది, దులిపే పనిని ఒక మనిషికి ప్రత్యేకంగా అప్పగించాలి. ఇంట్లో వాడే వాక్యూమ్‌ను మాత్రం మిల్లులోకి తేవద్దు. దాని మోటారులో రవ్వలు వస్తాయి, ప్లాస్టిక్ పైపులో స్టాటిక్ కరెంటు పుడుతుంది. మండే దుమ్ము కోసమే చేసిన మిషనా, పైపుకు ఎర్తింగ్ ఉందా, దుమ్ము గాలి మోటారు గుండా పోకుండా ఉందా అని అమ్మేవాణ్ణి అడిగి, కాగితం మీద రాయించుకోండి.

నీళ్లతో కడగడం బయటి ప్లాట్‌ఫారాలకు సరే. తవుడు ఉన్న చోట పనికిరాదు, పులిసి కంపు కొడుతుంది, జారుతుంది. చేత్తో పట్టుకునే బ్లోయర్‌కు గాలి పైపుకున్న జబ్బే ఉంది.

వాక్యూమ్ కొనలేని చిన్న మిల్లులు రెండు మూడు కలిసి ఒకటి తీసుకోవచ్చు. అదీ కుదరకపోతే మిల్లు ఆపి, కరెంటు తీసి, ఫ్యూజులు జేబులో పెట్టుకుని, పొడుగు కర్ర కట్టిన మెత్తటి బ్రష్‌తో పైనుంచి కిందికి రండి. దూలాల పని ఒంటికి సేఫ్టీ హార్నెస్ కట్టుకున్న ఫిట్టర్‌దే, ఊడ్చే ఆడవాళ్లను నిచ్చెన ఎక్కించొద్దు. రాలిన దుమ్ము పూర్తిగా దిగేదాకా ఆగి, నేల ఊడ్చాకే మిల్లు స్టార్ట్ చేయండి. ఎలివేటర్ చుట్టూ సుమారు పది మీటర్ల మేర నేల మీద దుమ్ము 3 మిల్లీమీటర్లు దాటితే వెంటనే తీసేయాలని ధాన్యం గిడ్డంగులకు పెట్టిన ఆ అమెరికా నియమంలోనే ఉంది. అంత దుమ్ము రెండు రోజుల్లోనే పేరుకుంటోందంటే ఎలివేటర్ జాయింట్లు లీకవుతున్నాయి. అప్పుడు వాక్యూమ్ కన్నా ముందు ఆ జాయింట్లకు డబ్బు పెట్టండి.