టెక్సస్ స్టేట్ రెప్‌ల న్యూస్‌లెటర్లు: ఏది చదవాలి, ఏది వదిలెయ్యాలి

టెక్సస్ స్టేట్ రెప్రజెంటేటివ్‌లు, స్టేట్ సెనేటర్లు తమ నియోజకవర్గం వాళ్ళకి ఉచితంగా పంపే ఈమెయిల్ న్యూస్‌లెటర్లు తీసుకోవాలా అంటే, తప్పకుండా తీసుకోవాలి. ఇద్దరివీ తీసుకోవాలి. సేవల సమాచారానికి ఐదుకి నాలుగు మార్కులు, ఊరి వార్తలకి మూడు, బిల్లుల సంగతికి రెండు ఇవ్వొచ్చు. బిల్లుల దగ్గర అంత తగ్గడానికి కారణం రాసేవాళ్ళ బద్ధకం కాదు, సభ నడిచే తీరే అలాంటిది.

ఎవరు ఎవరో ముందు తేల్చుకోవాలి. స్టేట్ రెప్ అంటే మన లెక్కలో ఎమ్మెల్యే. వాషింగ్టన్‌లో కూర్చునే కాంగ్రెస్ సభ్యులు ఎంపీలు. టెక్సస్ హౌస్‌లో 150 మంది, సెనేట్‌లో 31 మంది ఉంటారు. 2020 జనాభా లెక్కల ప్రకారం ఒక్కో రెప్‌కి సుమారు 1,94,000 మంది వస్తే, ఒక్కో సెనేటర్‌కి సుమారు 9,40,000 మంది వస్తారు. రాష్ట్రానికి కాంగ్రెస్ సీట్లు 38 కాబట్టి, స్టేట్ సెనేటర్ నియోజకవర్గం కాంగ్రెస్ సభ్యుడి నియోజకవర్గం కన్నా పెద్దది. మన పని మీద కాస్త నిలబడి మాట్లాడే మనిషి కావాలంటే మొదట రెప్ ఆఫీసుకే ఫోన్ చెయ్యమనేది అందుకే. సభ రెండేళ్ళకోసారి, బేసి సంవత్సరాల్లో, గరిష్ఠంగా 140 రోజులు కూర్చుంటుంది. సభ్యుల జీతం నెలకు 600 డాలర్లే కాబట్టి దాదాపు అందరికీ వేరే వృత్తి ఉంటుంది. న్యూస్‌లెటర్‌ని నడిపేది ఆఫీసులో ఉండే కొద్దిమంది సిబ్బంది. సెషన్‌లో జోరుగా వచ్చిన ఉత్తరాలు సెషన్ అయ్యాక పలచబడితే కంగారు పడక్కర్లేదు.

చేరడం తేలికే, కానీ ఇక్కడే రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. మీ రెప్ ఎవరో జిప్ కోడ్‌తో వెతక్కండి. ఒకే జిప్ కోడ్ రెండు మూడు డిస్ట్రిక్టుల మీద పరుచుకుని ఉండొచ్చు. టెక్సస్ క్యాపిటల్ వారి ‘హూ రెప్రజెంట్స్ మీ’ పేజీలో ఇంటి నంబరుతో సహా పూర్తి అడ్రస్ కొట్టాలి. 2025 ఆగస్టులో మారింది కాంగ్రెస్ నియోజకవర్గాల మ్యాపే, స్టేట్ హౌస్, సెనేట్ హద్దులు అందులో లేవు. చేరే ఫారంలో కూడా వీధి అడ్రస్ నింపండి. అడ్రస్ లేని మెయిల్‌ని ఆఫీసు తమ నియోజకవర్గం కిందకి లెక్కేసుకోలేదు.

రెండో పొరపాటు ప్రచారం మెయిల్‌ని ఆఫీసు మెయిల్ అనుకోవడం. అధికారిక ఉత్తరం టెక్సస్ హౌస్ లేదా సెనేట్ డొమైన్ మీద నడిచే పేజీలకి తీసుకెళ్తుంది, అందులో విరాళం బటన్ ఉండదు. అడుగున ‘పొలిటికల్ అడ్వర్టైజ్‌మెంట్, పెయిడ్ ఫర్ బై’ అని ఉంటే అది ఎన్నికల ప్రచారం. రెండిట్లోనూ ఫొటో ఒకటే, సంతకం ఒకటే. ఒకదాన్నుంచి అన్‌సబ్‌స్క్రైబ్ అయితే రెండోది ఆగదు కాబట్టి, ప్రచారం మెయిళ్ళు విసిగిస్తున్నాయని అధికారిక ఉత్తరాన్ని కూడా పోగొట్టుకోవద్దు.

ఇక బిల్లులు. హౌస్ కమిటీ బహిరంగ విచారణ పెట్టాలంటే రెగ్యులర్ సెషన్‌లో ఐదు రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సెనేట్ కమిటీకి 24 గంటలు చాలు. ప్రత్యేక సమావేశాల్లో హౌస్‌కి కూడా 24 గంటలే. శుక్రవారం సాయంత్రం వచ్చే న్యూస్‌లెటర్‌లో తర్వాతి బుధవారం సెనేట్ హియరింగ్ కనబడే అవకాశం చాలా తక్కువ, ఎందుకంటే అప్పటికి దానికి నోటీసే పుట్టి ఉండకపోవచ్చు. మనకి ఆ సంగతి తెలిసేసరికి ‘గత వారం విచారణ జరిగింది’ అనే వాక్యం అయిపోతుంది. ఎంత శ్రద్ధగల ఆఫీసైనా వారపు ఉత్తరంతో ఈ లోటు పూడ్చలేదు. సభల అధికారిక వెబ్‌సైట్ టెక్సస్ లెజిస్లేచర్ ఆన్‌లైన్‌లో ఉచిత ఖాతా తెరిచి, కావలసిన బిల్లు నంబర్లకి, కమిటీలకి అలర్ట్ పెట్టుకోవడమే దీనికి మందు. కదలిక వచ్చినప్పుడు మెయిల్ అదే వస్తుంది. న్యూస్‌లెటర్ నుంచి బిల్లు నంబరు తీసుకోండి, తేదీ మాత్రం అలర్ట్ నుంచి తీసుకోండి. బిల్లు నంబరు కూడా ఇవ్వకుండా ‘కుటుంబాలకు మేలు చేసే బిల్లు’ అని వదిలేసే ఉత్తరాలున్నాయి. వాటికి పైన ఇచ్చిన రెండు మార్కులు కూడా ఎక్కువే.

సెషన్‌లో వచ్చే ఉత్తరాల్లో ఈ మాట పదేపదే కనిపిస్తుంది: ‘నా బిల్లు ఈ వారం కమిటీలో విచారణకు వచ్చింది.’ చదివితే సగం పని అయిపోయినట్టుంటుంది. అదే బిల్లు పేజీ తెరిస్తే చివరి వరసలో ‘లెఫ్ట్ పెండింగ్ ఇన్ కమిటీ’ అని ఉంటుంది. అంటే విన్నారు, ఓటు పెట్టలేదు. కమిటీ ఛైర్ మళ్ళీ తియ్యకపోతే అది అక్కడే ఆగిపోతుంది. హౌస్‌లో కమిటీ దాటాక క్యాలెండర్స్ కమిటీ అనే ఇంకో గుమ్మం ఉంది, ఏ బిల్లు సభలోకి వెళ్ళాలో అది నిర్ణయిస్తుంది. మే నెలలో గడువులు మీద పడ్డప్పుడు చాలా బిల్లుల ప్రయాణం ఆ గుమ్మం దగ్గరే ముగుస్తుంది. అది దాటితే రెండో రీడింగ్, మూడో రీడింగ్, తర్వాత రెండో సభలో ఇదంతా మళ్ళీ మొదటినుంచీ. గవర్నర్ సంతకం పెట్టకుండా, వీటో చెయ్యకుండా ఊరుకున్నా గడువు దాటాక చట్టం అవుతుంది. రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల ఓట్లు పడితే వెంటనే అమలు కావచ్చు. లేకపోతే సభ ముగిసిన 91వ రోజు కన్నా ముందు అమలు కాదు, చాలా బిల్లుల్లో సెప్టెంబరు 1 అని రాసి ఉంటుంది. మంచి ఉత్తరం ఈ మెట్లలో బిల్లు ఏ మెట్టు మీద ఉందో ఒక్క ముక్కలో చెప్తుంది.

కమిటీ ముందు మాట్లాడాలంటే ఆస్టిన్ వెళ్ళాలి. హౌస్ సాక్షుల నమోదు క్యాపిటల్ ప్రాంగణంలోని కియాస్కుల మీద జరుగుతుంది. అనుకూలం, వ్యతిరేకం, ‘ఆన్’ అని మూడు రకాలు ఉంటాయి. ‘ఆన్’ అంటే ఏ పక్షమూ కాకుండా సమాచారం ఇవ్వడం. మైకు దగ్గరకి వెళ్ళకుండా కేవలం మన వైఖరిని నమోదు చేసుకుని వచ్చెయ్యొచ్చు, ఈ సంగతి న్యూస్‌లెటర్లు చెప్పవు. వెళ్ళలేనివాళ్ళకి హౌస్ కమిటీల ఆన్‌లైన్ వ్యాఖ్యల పేజీ ఉంది. హియరింగ్ ముగిసేలోపే రాయాలి, రాసింది పేరుతో సహా అందరికీ కనబడుతుంది.

ఈ ఉత్తరాల్లో అసలు డబ్బు విలువ చేసే భాగం ఆస్తి పన్నుది. ఎక్కువ తప్పుదోవ పట్టించేది కూడా అదే. 2025 నవంబరు 4న ఓటర్లు ఆమోదించాక స్కూల్ పన్ను లెక్కలో హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్ (యజమాని తానే ఉండే ఇంటి విలువలో పన్ను వెయ్యకుండా వదిలే భాగం) 1,00,000 డాలర్ల నుంచి 1,40,000కి పెరిగింది. 65 దాటిన యజమానులకి, వికలాంగులకి అదనంగా ఉన్న 10,000 కాస్తా 60,000 అయింది. వాళ్ళకి మొత్తం 2,00,000. ఉత్తరంలో ఇదంతా పెద్ద అక్షరాల్లో వస్తుంది, చదివినవాళ్ళు తమ పన్ను 40,000 తగ్గిందన్నంత ఆనందపడతారు. తగ్గింది పన్ను వేసే విలువ. మీ స్కూల్ డిస్ట్రిక్ట్ రేటు వందకి ఒక డాలరు అయితే, పెరిగిన 40,000 వల్ల మిగిలేది ఏడాదికి 400 డాలర్లు. ఈ పెంపు స్కూల్ పన్నుకే. కౌంటీ, సిటీ, మడ్ (నీళ్ళు, మురుగు సేవలు చూసే మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్) పన్నుల లెక్క వేరు. కొత్త కాలనీల్లో మడ్ రేటు ఎక్కువ కాబట్టి అక్కడివాళ్ళకి మొత్తం బిల్లులో ఈ ఊరట చిన్నగానే కనిపిస్తుంది. ఈ ఒక్క లెక్క వేసి చూపించిన ఆఫీసు ఉత్తరాన్ని దాచుకోవచ్చు.

ఈ ఎగ్జెంప్షన్‌కి అప్లికేషన్ ఫారం 50-114, ఆస్తుల విలువ కట్టే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కి పంపాలి, ఫీజు లేదు. ఇల్లు కొన్న కొద్ది వారాలకి ‘మీ తరఫున ఫైల్ చేస్తాం, ఇంత కట్టండి’ అని ప్రభుత్వ ఉత్తరంలా కనబడే కాగితాలు పోస్టులో వస్తాయి, వాటికి చెక్కు రాయకండి. అప్లికేషన్ వెనక్కొచ్చే కారణాల్లో ముఖ్యమైనది డ్రైవింగ్ లైసెన్స్ మీద పాత అపార్ట్‌మెంట్ అడ్రస్ ఉండటం. లైసెన్స్ అడ్రస్, ఇంటి అడ్రస్ కలవాలి, కాబట్టి ముందు లైసెన్సులిచ్చే రాష్ట్ర శాఖ డీపీఎస్‌లో మార్పు, ఆ తర్వాత ఫారం. అది ఒకసారి పెడితే జీవితాంతం ఉంటుందన్న ధీమా కూడా ఇప్పుడు చెల్లదు. 2023 చట్టం ప్రకారం అప్రైజల్ డిస్ట్రిక్టులు ఐదేళ్ళకోసారైనా ప్రతి హోమ్‌స్టెడ్‌నీ మళ్ళీ సరిచూడాలి. ఆ ఉత్తరాన్ని చెత్త మెయిల్ అనుకుని పారేస్తే ఎగ్జెంప్షన్ పోతుంది, దాంతోపాటు పన్ను విలువ ఏడాదికి పది శాతం కన్నా పెరగకుండా కాసే పరిమితి కూడా పోతుంది.

అప్రైజల్ డిస్ట్రిక్ట్ కట్టిన విలువ మీద ప్రొటెస్టుకి (అభ్యంతరం చెప్పడానికి) గడువు మే 15, లేదా నోటీసు పంపిన 30 రోజులు, ఏది తర్వాత అయితే అది. ఏప్రిల్‌లో ఈ మాట రాసే ఆఫీసు పనిమంతుల ఆఫీసు. మే 20న ‘మీ హక్కులు తెలుసుకోండి’ అని రాస్తే ఎక్కువమందికి ఏం లాభం?

విధానాల వార్తల్లో మంచి ఉత్తరానికి, మామూలు ఉత్తరానికి తేడా మినహాయింపుల దగ్గర తెలుస్తుంది. 2025లో వచ్చిన హౌస్ బిల్ 1481 స్కూలు వేళల్లో పిల్లలు ఫోన్లు వాడకుండా ఆపింది. ఇంతవరకు అందరూ రాశారు. డాక్టరు సూచన ప్రకారం అవసరమైన పరికరాలకి, ప్రత్యేక విద్యా ప్రణాళిక ఉన్న పిల్లలకి మినహాయింపు ఉంది. షుగరు రీడింగు ఫోన్‌లో చూసుకునే పిల్లల తల్లిదండ్రులకి కావలసింది ఆ వాక్యమే. అలాగే సెనేట్ బిల్ 17 విదేశీయుల ఆస్తి కొనుగోళ్ళ మీద ఆంక్షలు పెట్టినప్పుడు మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో గాభరా పుట్టింది. 2025 సెప్టెంబరు 1న అది అమల్లోకి వచ్చినప్పుడు వర్తించింది చైనా, ఇరాన్, ఉత్తర కొరియా, రష్యాలకి, భారత్‌కి కాదు. దేశాల పేర్లు రాసిన ఉత్తరం ఒక్క వరసతో ఆ గాభరా తీరుస్తుంది, ‘శత్రుదేశాలు’ అని ఊరుకున్నది దాన్ని పెంచుతుంది.

అన్నిటికన్నా విలువైనది ఉత్తరం అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది: ‘రాష్ట్ర ఏజెన్సీతో ఇబ్బందా? మా ఆఫీసుని సంప్రదించండి.’ నాలుగు మార్కులూ దీనికే. డ్రైవింగ్ లైసెన్స్ చూసే డీపీఎస్, బండి టైటిల్ చూసే డీఎంవీ, నిరుద్యోగ భృతి ఇచ్చే వర్క్‌ఫోర్స్ కమిషన్, తక్కువ ఆదాయం వాళ్ళ ఆరోగ్య బీమా మెడికెయిడ్, పిల్లల బీమా చిప్, నర్సింగ్ బోర్డు, మెడికల్ బోర్డు, ఇన్సూరెన్స్ శాఖ, ఇవన్నీ వాళ్ళ పరిధిలోవి. వీసా, గ్రీన్ కార్డు, అమెరికా పాస్‌పోర్టు, ఐఆర్ఎస్ పనులకి కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకి వెళ్ళాలి. రోడ్డు గుంటలకి సిటీ ఉంది. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) గొడవలో రెప్ తలదూర్చలేరు, చట్టం ఏం చెప్తుందో మాత్రం చెప్పగలరు.

రాసేటప్పుడు సబ్జెక్టులో ఏజెన్సీ పేరు, ఎన్నాళ్ళుగా ఆగిందో పెట్టండి. లోపల పూర్తి పేరు, నియోజకవర్గంలోని అడ్రస్, ఏజెన్సీ ఇచ్చిన కేసు నంబరు, దరఖాస్తు తేదీ, ఆఖరిసారి వాళ్ళు ఏమన్నారో, మీకు ఏం కావాలో. పేజీ దాటొద్దు. సోషల్ సెక్యూరిటీ నంబరు మామూలు మెయిల్‌లో పంపకండి. మీ ఫైలు గురించి అడగడానికి సంతకం చేసిన సమ్మతి పత్రం అడుగుతారు, అది ఆలస్యమైతే అన్నీ ఆలస్యమే. సిబ్బంది చేసేది నిర్ణయం మార్పించడం కాదు, ఫైలు ఏ బల్ల మీద ఎందుకు ఆగిందో చెప్పించడం. చాలా పనులు అంతటితోనే కదులుతాయి.

కదలనివీ ఉన్నాయి. వీసా మీద ఉన్నవాళ్ళ లైసెన్స్ రెన్యూవల్ ఆగితే సాధారణంగా కారణం ‘సేవ్’ అనే ఫెడరల్ ఇమిగ్రేషన్ తనిఖీ రెండో దశకి వెళ్ళడం. డీపీఎస్‌ని రెప్ ఆఫీసు అడగగలదు గానీ ఫెడరల్ రికార్డుని తాకలేదు. సేవ్ కేస్‌చెక్ పేజీలో స్థితి మీరే చూసుకోవచ్చు. వడగళ్ళకి పైకప్పు పోయి ఇన్సూరెన్స్ కంపెనీ నాన్చుతుంటే మాత్రం ఇన్సూరెన్స్ శాఖకి ఉచిత ఫిర్యాదు పెట్టి, దాని నంబరుతో రెప్ ఆఫీసుకి రాయండి. క్లెయిమ్ అందినట్టు 15 రోజుల్లో జవాబివ్వాలి, అడిగిన కాగితాలన్నీ చేరాక 15 పనిదినాల్లో ఔననో కాదనో చెప్పాలి, ఔనన్నాక 5 పనిదినాల్లో డబ్బు కట్టాలి. ఇది రాష్ట్ర చట్టం.

ఒక లోపం మాత్రం క్షమించరానిది. టౌన్‌హాల్ తేదీ, దరఖాస్తు గడువు అక్షరాల్లో రాయకుండా పోస్టర్ బొమ్మలో పెడతారు. మెయిల్ యాప్ బొమ్మలు ఆపేస్తే అక్కడ ఖాళీ డబ్బా కనబడుతుంది. ఇంగ్లీషు రాని పెద్దవాళ్ళు ఫోన్‌లో అనువాదం నొక్కినా బొమ్మలోని అక్షరాలు అలాగే ఉండిపోతాయి. అలాంటి ఉత్తరం వస్తే ‘వ్యూ ఇన్ బ్రౌజర్’ నొక్కి చూడండి, ఆఫీసుకి రెండు ముక్కలు రాసి అడగండి కూడా.

తర్వాతి రెగ్యులర్ సెషన్ 2027 జనవరి 12న మొదలవుతుంది. ముందస్తు బిల్లుల దాఖలు 2026 నవంబరు 9 నుంచి. ఆ వారానికల్లా అలర్ట్ ఖాతా తెరిచి ఉంచుకుని, ఉత్తరంలో కనబడ్డ ప్రతి బిల్లు నంబరునీ అందులో ఎక్కించుకుంటూ పోండి.