ఎంపీసీనా, బైపీసీనా?

పదో తరగతి ఫలితాలు రాగానే, ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలని ఇంట్లో మొదలయ్యే చర్చ ఇదే. రెండింటిలోనూ ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉంటాయి. తేడా అంతా మిగిలిన చోటే. ఎంపీసీలో లెక్కలు, బైపీసీలో బోటనీ, జువాలజీ.

లెక్కలంటే భయపడి బైపీసీలో చేరేవారు ఒక సంగతి మరచిపోతారు. ఫిజిక్స్ అక్కడా వెంటాడుతుంది, అందులో లెక్కలు తప్పవు. వైద్య ప్రవేశ పరీక్ష నీట్‌లో 720 మార్కులకు బయాలజీ వాటా 360. మిగతా సగం ఫిజిక్స్, కెమిస్ట్రీలదే. రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ ఇంజినీరింగ్ విభాగంలోనూ 160 ప్రశ్నల్లో 80 లెక్కలవే. కాబట్టి లెక్కలు ఇష్టం లేకుండా ఎంపీసీ తీసుకోవడం రెండేళ్ల శిక్షే.

మనసు మారితే? బీఫార్మసీకి రెండు గ్రూపులవారూ వెళ్లవచ్చు. ఇంటర్ తర్వాత బయాలజీని అదనపు సబ్జెక్టుగా రాసినవారికీ నీట్ అర్హత ఉంటుందని 2023లో జాతీయ వైద్య కమిషన్ ప్రకటించింది. లెక్కలు లేకుండా ఇంజినీరింగ్‌కు వెళ్లాలనుకునేవారికి మాత్రం దారులు బాగా తక్కువ.

నన్నడిగితే, ఇంకా ఏదీ తేల్చుకోలేని పిల్లలకు లెక్కలు కష్టం కాకపోతే ఎంపీసీ మేలు. మొక్కల, జీవుల బొమ్మలు గీస్తూ గంటలు మరచిపోయే అమ్మాయిని మాత్రం అటువైపు నెట్టకండి.