వైజాగ్‌లో కాన్ఫరెన్స్ పోస్టర్‌కి 'ఫుల్ ప్యాకేజీ' తీసుకునేవాళ్లు ముందు ఇది చదవండి

సైకాలజీ పీజీ, పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లకి, ముఖ్యంగా రాబోయే సీజన్‌లో ఏదైనా కాన్ఫరెన్స్‌కి పోస్టర్ (చేసిన స్టడీని ఒకే పెద్ద షీట్ మీద వేసి హాల్‌లో పెట్టేది) పంపుదాం అనుకుంటున్నవాళ్లకి ఈ పోస్ట్. ద్వారకానగర్ చుట్టుపక్కల ఇప్పుడు కొత్త బేరం ఒకటి నడుస్తోంది. ఒకప్పుడు ప్రాజెక్ట్ రిపోర్టుల బైండింగ్, జిరాక్స్ చేసుకునే షాపుల పక్కనే 'రీసెర్చ్ సపోర్ట్' అని బోర్డు పెట్టి, పోస్టర్ డిజైన్ మేమే, ప్రింట్ మేమే, కాన్ఫరెన్స్ సైట్‌లో సబ్మిషన్ కూడా మేమే అని ప్యాకేజీ అమ్ముతున్నారు. అలాంటి ఒకచోట నేను 6,500 రూపాయలు కట్టాను. డబ్బు పోతే పోయింది అనుకోవచ్చు గానీ, నా డేటాలో లేని ఫలితాన్ని నా పేరు మీద, మా గైడ్ పేరు మీద నాలుగడుగుల వెడల్పున ప్రింట్ చేసి చేతిలో పెట్టారు.

షాపు పేరు ఇక్కడ రాయను, కంప్లైంట్ నడుస్తోంది. పేరు తెలిసినా పెద్దగా లాభం లేదు, ఇదే పద్ధతిలో చేసే షాపులు ఇంకా ఉన్నాయి.

నా పని ఏంటో చెప్తాను, లేకపోతే వాళ్లు చేసిన ఘనకార్యం అర్థం కాదు. గాజువాక, పెదగంట్యాడ వైపు షిఫ్టు డ్యూటీలు చేసేవాళ్ల నిద్ర, ఒత్తిడి మీద చిన్న స్టడీ. నిద్రకి పిట్స్‌బర్గ్ స్లీప్ క్వాలిటీ ఇండెక్స్, ఒత్తిడికి పది ప్రశ్నల పర్సీవ్డ్ స్ట్రెస్ స్కేల్. ఎప్పుడూ నైట్ చేసేవాళ్లు 60 మంది, వారం వారం షిఫ్టు మారేవాళ్లు 60 మంది. స్ట్రెస్ స్కోరు సగటు మొదటివాళ్లకి 19.8, రెండోవాళ్లకి 21.4, ఎస్‌డీ (స్కోర్లు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే సంఖ్య) రెండు గ్రూపులకీ 4.6 దగ్గర. రెండు సగటులని పోల్చే టీ టెస్ట్ చేస్తే పి విలువ (అసలు తేడా లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనబడే అవకాశం) .06 వచ్చింది. మామూలుగా .05 కంటే తక్కువ వస్తేనే సిగ్నిఫికెంట్ అంటారు. అంటే తేడా ఉన్నట్టు కనిపిస్తోంది గానీ సిగ్నిఫికెంట్ అనలేం. రాత నాదే, లెక్కలు నావే, గైడ్ చూసి సంతకం పెట్టినవే. షాపువాళ్లని నేను అడిగింది డిజైన్, ప్రింట్, సబ్మిషన్ అంతే.

ప్రూఫ్ వాట్సాప్‌లో పంపారు. పీడీఎఫ్ కాదు, ఫొటో. జూమ్ చేస్తే అక్షరాలన్నీ అలుక్కుపోయాయి. పీడీఎఫ్ ఇవ్వండి అంటే, ఎడిటబుల్ ఫైలూ పీడీఎఫ్ బయటికి ఇవ్వడం మా పాలసీలో లేదండి, ప్రింట్‌లో క్లియర్‌గా వస్తుంది అన్నారు. పీడీఎఫ్ ఇవ్వను అన్న షాపులో ఇంకేం మాట్లాడక్కర్లేదు, బయటికొచ్చేయండి. అడ్వాన్స్ అప్పటికే సగానికి పైగా తీసుకుంటారు, ఆ ధైర్యంతోనే అలా మాట్లాడతారు.

ప్రింట్ వచ్చాక పరిచి చూస్తే రిజల్ట్స్ బాక్స్‌లో పి ఈజ్ లెస్ దేన్ 0.05 అని ఉంది, పక్కన సిగ్నిఫికెంట్ అని చెప్పే స్టార్ గుర్తు. బార్ గ్రాఫ్ నేను ఇచ్చింది తీసేసి కొత్తగా గీశారు. నిలువు గీత సున్నా నుంచి కాకుండా 18 నుంచి మొదలుపెట్టారు. ఆ స్కేల్ మీద స్కోరు 0 నుంచి 40 దాకా ఉంటుంది, 19.8కి 21.4కి మధ్య తేడా ఏమాత్రం? కానీ 18 దగ్గర కోసేస్తే ఒక బార్ ఇంకోదానికి దాదాపు రెట్టింపు ఎత్తు కనబడుతుంది. దూరం నుంచి చూసినవాడు షిఫ్టు మారేవాళ్లందరికీ పిచ్చెక్కిపోతోంది అనుకోవాలి.

ఇదేంటండీ అని అడిగితే కౌంటర్‌లో ఉన్నాయన ఏమాత్రం తడుముకోకుండా, "సిగ్నిఫికెంట్ లేకపోతే సెలెక్ట్ చెయ్యరు సార్, మా స్టాట్స్ మేడమ్ గారు కరెక్ట్ చేశారు, అందరికీ అలాగే చేస్తాం" అన్నాడు. అందరికీ అలాగే చేస్తాం అన్నమాట విన్నారుగా. ఈ పోస్ట్ రాయడానికి అసలు కారణం అదే. ఈ ఊళ్లో ఎంతమంది పోస్టర్లు అలా 'కరెక్ట్' అయ్యి వెళ్లాయో, అందులో ఎంతమందికి ఆ సంగతే తెలియదో.

.06 వస్తే తప్పేం లేదు. ఉన్నది ఉన్నట్టు రాసి, తేడా ఎంత పెద్దదో చెప్పే ఎఫెక్ట్ సైజు ఇచ్చి (నాది కోహెన్స్ డి అనే కొలతలో .35 దగ్గర), శాంపిల్ చిన్నది అని చెప్పుకుంటే ఏ మంచి కాన్ఫరెన్సూ కాదనదు. అసలు సైకాలజీకి ఈ స్టార్ గుర్తుల పిచ్చి వల్ల జరిగిన నష్టం చాలదా? 2015లో సైన్స్ పత్రికలో వచ్చిన రెప్లికేషన్ ప్రాజెక్ట్ గురించి క్లాసులో చదివే ఉంటారు. వంద స్టడీలు మళ్లీ చేసి చూశారు, మొదటిసారి 97 శాతం సిగ్నిఫికెంట్ అన్నవి రెండోసారి చేస్తే 36 శాతమే నిలిచాయి. అప్పట్నుంచీ పోస్టర్ దగ్గర నిలబడి అడిగేవాళ్లు కూడా మారారు. ఇంకో సంగతి, నా పోస్టర్‌లో సగటులు, ఎస్‌డీలు, శాంపిల్ సంఖ్య అలాగే వదిలేశారు. అవి మూడూ ఉంటే ఎవరైనా ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి టీ విలువ వేసుకోవచ్చు, 1.9 దగ్గర వస్తుంది. సిగ్నిఫికెంట్ అనాలంటే 118 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌కి (120 మందిలోంచి రెండు గ్రూపులకి రెండు తీసేస్తే వచ్చేది) 1.98 దాటాలి. ఎదురుగా నిలబడ్డ ప్రొఫెసర్ ఆ లెక్క వేసి, ఇది ఎలా వచ్చిందమ్మా అని అడిగితే, డీటీపీ షాపువాళ్లు మార్చారండీ అని చెప్పుకుంటామా?

మిగతా లోపాలు దీని ముందు చిన్నవి, కానీ చెప్పాలి. ప్రశ్నావళి ఎంత నిలకడగా కొలుస్తోందో చెప్పే క్రాన్‌బాక్ ఆల్ఫా గుర్తు పోయి ఉత్త ఇంగ్లిష్ ఎ అక్షరం వచ్చింది, కై-స్క్వేర్ అనే పరీక్ష గుర్తు కాస్తా సి-స్క్వేర్ అయ్యింది. గ్రీకు గుర్తులని సింబల్ ఫాంట్‌లో పెట్టి, ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో తెరిస్తే ఇలాగే అవుతుంది, ఎందుకంటే ఆ ఫాంట్‌లో ఆల్ఫా ఉండేది ఎ స్థానంలో, కై ఉండేది సి స్థానంలో. తెలుగు ప్రశ్నలు రెండు శాంపిల్‌గా పెట్టాను, అవి ఇంకా అన్యాయం. నేను ఇచ్చింది యూనికోడ్, వాళ్ల దగ్గర పాత పద్ధతి, యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైప్ చేసుకునే అలవాటు. వత్తులు ఊడిపోయి 'నిద్‌ర', 'ఒత్‌తిడి' అని అచ్చయ్యాయి, కొన్నిచోట్ల ఖాళీ డబ్బాలే. ఎస్‌పీఎస్‌ఎస్‌లో (స్టాటిస్టిక్స్ లెక్కల సాఫ్ట్‌వేర్) పి విలువని సిగ్ అని .000 చూపిస్తే దాన్ని ఉన్నపళంగా పి ఈజ్ ఈక్వల్ టు 0.000 అని దించేశారు. ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) రాత పద్ధతిలో దాన్ని .001 కంటే తక్కువ అని రాయాలని, పి విలువకి, కోరిలేషన్‌కి డాట్ ముందు సున్నా పెట్టరని సెకండ్ సెమిస్టర్ పిల్లల్ని అడిగినా చెప్తారు, పైగా నేను ఇచ్చిన ఫైల్‌లో సరిగ్గానే ఉంది.

కాన్ఫరెన్స్‌వాళ్లు నిలువు పోస్టర్, మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు అని స్పష్టంగా ఇచ్చారు. వీళ్లు అడ్డంగా వేశారు. అది కూడా ఫ్లెక్స్ మీద, పుట్టినరోజు బ్యానర్‌లా తళతళా మెరుస్తూ. హాల్‌లో లైట్లు పడితే సగం టెక్స్ట్ కనబడదు, మందం వల్ల బోర్డుకి పిన్ను దిగదు, ఆ వాసన సరేసరి.

ఇప్పుడు సబ్మిషన్ సంగతి. ఇది ఇంకా ప్రమాదం, ఎందుకంటే ప్రింట్ తప్పయితే ఇంకోచోట తీయించుకుంటాం. వాళ్లు సైట్‌లో లాగిన్ క్రియేట్ చేసింది వాళ్ల మెయిల్ ఐడీతో. కరెస్పాండింగ్ ఆథర్ (కాన్ఫరెన్స్‌వాళ్లు ఉత్తరాలు రాసే రచయిత) మెయిల్ కూడా వాళ్లదే. అంటే యాక్సెప్టెన్స్ వచ్చినా, రివ్యూయర్ సవరణ అడిగినా, రిజిస్ట్రేషన్ గడువు చెప్పినా అన్నీ వాళ్లకే వెళ్తాయి, నాకు ఒక్క ముక్క రాదు. నా అబ్‌స్ట్రాక్ట్‌లో మెథడ్ భాగం కాస్త వివరంగా రాయమని రివ్యూ వస్తే, దాన్ని నాకు ఫార్వర్డ్ చేయడానికి 'రీ-సబ్మిషన్ చార్జీ' అని 1,500 అడిగారు. నా పేపర్ మీద నాకొచ్చిన ఉత్తరం నాకే అమ్ముతున్నారు! నేను కట్టలేదు. యూనివర్సిటీ మెయిల్ నుంచి, గైడ్‌ని సీసీలో పెట్టి, ఐడీ కార్డు స్కాన్ జతచేసి కాన్ఫరెన్స్ సెక్రటరీకి నేరుగా రాశాను. వాళ్లు మర్యాదగా స్పందించి కరెస్పాండింగ్ మెయిల్ మార్చారు. అప్పుడు తెలిసింది, ఆథర్ల జాబితాలో నేను, మా గైడ్ కాక మూడో పేరు ఒకటి ఉందని. ఎవరో కన్సల్టెంట్ అట, మొహం కూడా చూడలేదు. తీయించాం. అదృష్టం కొద్దీ ప్రోగ్రామ్ బుక్ ప్రింట్‌కి ఇంకా వెళ్లలేదు.

ఎవరైనా ఇప్పటికే ఇలా ఇచ్చి ఉంటే ఈ రోజే సైట్‌లో మీ పేరు, ఆథర్ల వరస, మెయిల్ ఏముందో చూసుకోండి. లాగిన్ ఇవ్వకపోతే షాపు చుట్టూ తిరగొద్దు, కాన్ఫరెన్స్‌వాళ్లకే రాయండి.

అమ్మేటప్పుడు వీళ్లు చెప్పే మాటల మీద కూడా ఒక కన్నేయండి. పోస్టర్ స్కోపస్‌లో (పరిశోధన పత్రాల డేటాబేస్) వచ్చేస్తుంది అంటారు. స్కోపస్‌లోకి ఎక్కేవి జర్నల్ పేపర్లు, ప్రొసీడింగ్స్‌గా అచ్చయిన పూర్తి పేపర్ల లాంటివి, గోడకి అంటించిన పోస్టర్ కాదు. యూజీసీ కేర్ సర్టిఫికెట్ గ్యారంటీ అని ఇప్పటికీ బ్రోషర్‌లో ఉంది, ఆ కేర్ లిస్టుని, అంటే గుర్తింపు ఉన్న జర్నళ్ల జాబితాని, యూజీసీ 2025 ఫిబ్రవరిలోనే ఎత్తేసింది. థీసిస్ ఇవ్వాలంటే రెండు కాన్ఫరెన్సులు తప్పనిసరి అని భయపెడతారు. అది 2016 నిబంధన, 2022లో వచ్చిన యూజీసీ పీహెచ్‌డీ రెగ్యులేషన్లలో ఆ షరతు తీసేశారు. మీ యూనివర్సిటీ సొంతంగా పెట్టుకున్న రూల్ ఉందేమో డిపార్ట్‌మెంట్ ఆఫీసులో అడగండి, కౌంటర్‌లో కుర్రాడిని కాదు.

నిజానికి ఈ పనికి అంత డబ్బు అక్కర్లేదు. చివరికి నేను పవర్‌పాయింట్‌లో చేసుకున్నాను, డిజైన్ ట్యాబ్‌లో స్లైడ్ సైజు కస్టమ్ పెట్టి 36 అంగుళాలు, 48 అంగుళాలు. ఈ పని మొదట్లోనే చేయాలి, అంతా అయ్యాక సైజు మారిస్తే బాక్సులన్నీ చెల్లాచెదురవుతాయి. ఏ-0 అడిగితే 84.1 సెంటీమీటర్లు, 118.9 సెంటీమీటర్లు. టైటిల్ 80 పాయింట్ల పైన, లోపలి టెక్స్ట్ 28కి తగ్గకుండా. గ్రాఫ్‌లు స్క్రీన్‌షాట్ తీసి అతికించొద్దు, పెద్దది చేస్తే మసకబారతాయి, పవర్‌పాయింట్‌లోనే చార్ట్ గీసుకోండి. పీడీఎఫ్ చేశాక ప్రాపర్టీస్‌లో ఫాంట్స్ దగ్గర ప్రతి పేరు పక్కనా ఎంబెడెడ్ (ఫాంట్ ఆ ఫైల్‌లోనే ఇమిడి ఉంది) అని ఉందో లేదో చూడండి. అది ఉంటే ఆల్ఫా ఆల్ఫాగానే వస్తుంది, తెలుగు వత్తులూ ఊడవు. షాపుకి ఆ పీడీఎఫ్ మాత్రమే ఇచ్చి, మ్యాట్ పేపర్ మీద, హండ్రెడ్ పర్సెంట్ స్కేల్‌లో, ఏమీ మార్చకుండా అని చెప్పండి. వేరే షాపులో నాకు మొత్తం ప్రింట్ 700 లోపే అయ్యింది, పోస్టర్ చుట్టి పెట్టే గొట్టంతో సహా. మన ఊరి గాలిలో తేమకి మ్యాట్ పేపర్ అంచులు ముడుచుకుంటాయి, ప్రయాణం దాకా గొట్టంలోంచి తీయకండి. ట్రైన్‌లో ఆ గొట్టం పై బెర్త్ మీద గోడవైపు పెట్టుకుంటే ఎవరి కాళ్లకీ తగలదు.

కంప్లైంట్ గురించి చాలామంది అడుగుతున్నారు. నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ నంబర్ 1915, అక్కడ నమోదు చేస్తే వాళ్లు షాపుతో మాట్లాడతారు. తేలకపోతే జిల్లా కన్స్యూమర్ కమిషన్‌కి వెళ్లొచ్చు, 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు కూడా లేదు. బిల్లు, వాట్సాప్ చాట్, వాళ్లు పంపిన ప్రూఫ్ ఫొటో, మీరు ఇచ్చిన ఒరిజినల్ ఫైల్ పక్కపక్కన పెట్టి ఉంచుకోండి. బిల్లు ఇవ్వరు, అడిగి తీసుకోండి, ఎస్టిమేట్ చీటీ మీద రాసిచ్చినా సరే. హెల్ప్‌లైన్ నుంచి షాపుకి ఫోన్ వెళ్లిన తర్వాత నాకు సగం డబ్బు వెనక్కిచ్చారు, మిగతాది 'డిజైనర్ టైమ్' అట. అది కూడా వదలను.

ఇక నన్ను అన్నిటికంటే భయపెట్టింది వేరే. గొడవ పడుతున్నప్పుడు, మా పని ఎంత క్వాలిటీయో చూడండి అని ఆయన కంప్యూటర్ స్క్రీన్ నా వైపు తిప్పాడు. డెస్క్‌టాప్ నిండా స్కాలర్ల పేర్లతో ఫోల్డర్లు. ఒకటి తెరిచాడు. ఎక్సెల్ షీట్, మొదటి కాలమ్‌లో మనుషుల పేర్లు, రెండోదాంట్లో ఫోన్ నంబర్లు, ఆ తర్వాత డిప్రెషన్ స్కోర్లు. ఎవరో స్కాలర్ నమ్మి ఇచ్చిన రా డేటా. మీ వివరాలు గోప్యంగా ఉంచుతాం అని కన్సెంట్ ఫారమ్ మీద సంతకం పెట్టించుకుని సేకరించింది, లామినేషన్ కోసం వచ్చినవాడికి కూడా కనబడేలా ఉంది. పోస్టర్ వేయడానికి రా డేటా ఎవరికీ అక్కర్లేదు, గ్రాఫ్, టేబుల్ చాలు. "ఎస్‌పీఎస్‌ఎస్ ఫైల్ కూడా పెట్టండి, చెక్ చేసుకుంటాం" అని అడిగితే ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చినవాళ్లు డిలీట్ చేయమని వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడిగి, వెంటనే మీ గైడ్‌కి, ఎథిక్స్ కమిటీకి తెలియజేయండి. ఆ షీట్‌లో ఉన్నవాళ్లలో ఎవరైనా అదే షాపుకి జిరాక్స్‌కి రావచ్చు.