చిట్టెలుకకు కట్టించిన ఇల్లు: రెండేళ్ల వాడకం తర్వాత

"ఎలుకలకు బోను పెట్టే ఇంట్లో ఎలుకకు ఇల్లు కట్టించడమేమిటమ్మా!" అన్నారు మా అత్తగారు, వడ్రంగి టేపుతో కొలతలు తీసుకుంటుంటే. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. ముందు అద్దం, పైన ఇనుప వల మూత. పాత టీవీ షోకేసు చెక్కతోనే చేయించాం కనుక కూలీ, అద్దం, వల అన్నీ కలిపి 4,800 రూపాయలైంది. అందులో కాపురం ఒక్కటే సిరియన్ హ్యామ్‌స్టర్ (తోక పొట్టిగా ఉండే పెంపుడు చిట్టెలుక), పేరు బూంది.

అంతకుముందు నెలన్నర పాటు దుకాణంలో అంటగట్టిన రంగురంగుల పంజరమే వాడాం. రాత్రంతా ఊచలు కొరికేది. అందులోని బుల్లి చక్రం ఎక్కితే నడుము విల్లులా వంగిపోయేది. ఇప్పుడున్నది 28 సెంటీమీటర్ల చక్రం, వీపు నిటారుగా ఉంచి పరుగెడుతుంది. పంజరంతో పాటు ఇచ్చిన రంగు దూదిని తీసి పారేశాను. దాని పోగులు కాళ్లకు చుట్టుకుంటాయి. జోడీగా తీసుకోమన్న సలహా వినకపోవడం మా అదృష్టం. ఈ జాతి పెద్దయ్యాక ఒంటరిగానే బతుకుతుంది, రెండింటిని కలిపితే రక్తాలు కారేలా కొట్టుకుంటాయి.

కొత్త ఇంట్లో నాకు బాగా నచ్చింది లోతు. కాగితపు పొట్టు జానెడు మందం పోశాం. బూంది అద్దం వెంబడే సొరంగం తవ్వుకుంది, కాబట్టి లోపలి వ్యవహారమంతా మాకు కనిపిస్తుంది. రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో ముందు మీసాలు బయటికి వస్తాయి. వాసన లేని టిష్యూ కాగితం ఒకటి పడేస్తే, దాన్ని పీలికలు చేసి, తల రెండింతలు అయ్యేదాకా బుగ్గల్లో కుక్కుకుని సొరంగంలోకి దిగుతుంది. ఖాళీ బుగ్గలతో వచ్చి మళ్లీ మొదలు.

పెట్టె మొదట హాల్లో, టీవీ పక్కనే ఉండేది. మన చెవికి అందని సన్నని శబ్దాలు కూడా వీటికి వినిపిస్తాయి. వెనుక పడకగదిలో ఒక మూలకు మార్చాక, పగలు ఉలిక్కిపడి లేవడం వారంలో తగ్గింది. అదే వారంలో పగలు ముట్టుకోవద్దని మా పాపకు గట్టిగా చెప్పాను (నిద్రలో లేపి ఒకసారి కరిపించుకుంది), అందుకే ఘనతంతా గదికే ఇవ్వలేను. ఆ గదిలో అగరుబత్తి, సాంబ్రాణి, దోమల చుట్ట బంద్. కిటికీకి దోమతెర వేయించాం. దీపావళి రాత్రి కిటికీ మూసి, ఫ్యాను శబ్దం నడవనిస్తాం.

ఇక బెజవాడ ఎండ. మాది మొగల్రాజపురంలో మూడో అంతస్తు, పడమటి గోడ రాత్రి పదింటికీ వేడిగానే ఉంటుంది. ఈ జీవికి హాయైన వేడి 18 నుంచి 24 డిగ్రీలు. 30 దాటితే ప్రమాదం మొదలవుతుంది. మొదటి మేలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. వచ్చి చూస్తే బూంది కాళ్లు నాలుగూ చాపి పొట్ట నేలకు ఆనించి పడి ఉంది. ఆ రోజు పడిన భయం ఇప్పటికీ పోలేదు. మరునాడే పెట్టెలో ఒక నాపరాయి ముక్క పెట్టాం. కరెంటు పోతే, గడ్డకట్టిన నీళ్ల సీసాను తువ్వాలు చుట్టి ఆ రాయి పక్కన ఉంచుతాం. కూలరు వాడి చూశాం. గది చెమ్మగిల్లడం తప్ప లాభం లేదు. ఏసీ తప్పలేదు, అదీ గాలి నేరుగా పెట్టె మీదికి రాకుండా. కరెంటు బిల్లు చూసి మా ఆయన ఇప్పటికీ గొణుగుతారు.

చెక్క లోపాలు చెబుతాను. ఒక మూల మూత్రం పీల్చుకుని నల్లబడింది, వాసన వదల్లేదు. లోపల సన్మైకా అంటించమని ముందే చెప్పాల్సింది. ఆ మూలలోనే ఇసుక పళ్లెం పెడితే అందులోనే పోయడం అలవాటు చేసుకుంది. ఇక పెట్టెను కదపాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఈ రెండింటికీ కోసి పదికి ఎనిమిది వేస్తాను.

బూందికి ఇప్పుడు రెండేళ్ల మూడు నెలలు, ఈ జాతికి ముసలితనమే. నీళ్ల సీసా రెండంగుళాలు కిందికి దించాం, నిచ్చెన తీసేశాం. చక్రం చప్పుడు పదింటికి వినిపించకపోతే ముందుగా గదిలోకి తొంగిచూసేది మా అత్తగారే.