టిబిలిసిలో డాక్టరీ, ఆపైన ఇన్‌ఫెర్టిలిటీ స్పెషలిస్టు: ఒక కన్సల్టెన్సీ సేవపై పదమూడేళ్ల తర్వాత నా సమీక్ష

2012లో విజయవాడలోని ఒక కన్సల్టెన్సీ ద్వారా జార్జియా రాజధాని టిబిలిసికి వెళ్లి ఆరేళ్ల వైద్యకోర్సు చదివాను. ఇప్పుడు గైనిక్‌లో ఎంఎస్ ముగించుకుని, రీప్రొడక్టివ్ మెడిసిన్‌లో, అంటే సంతానలేమి చికిత్సలో, ఎఫ్‌ఎన్‌బీ (పీజీ తర్వాత చేసే ఫెలోషిప్) మొదటి సంవత్సరం చేస్తున్నాను. అదే సంస్థ ఈ మధ్య విదేశీ ఎంబీబీఎస్‌కు మూడు నెలల ‘ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ బేబీ చికిత్స) డిప్లొమా’ను జతచేసి ప్యాకేజీగా అమ్ముతోందని మా మేనమామ కూతురు చెప్పింది. తనను అక్కడ చేర్పించాలా వద్దా అని మామయ్య అడిగిన ప్రశ్నకు ఫోన్‌లో చెప్పిన జవాబునే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. సంస్థ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ పద్ధతి ఆ ఒక్కరిదే కాదు.

మొదట వారికి దక్కాల్సిన మంచి మాట చెప్పాలి. సర్టిఫికెట్లకు అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా వేసే ప్రభుత్వ ధ్రువీకరణ) వేయించడం, వీసా, విమానాశ్రయానికి మనిషిని పంపడం, హాస్టల్ గది, అక్కడి నివాస కార్డు వంటి పనుల్లో ఎక్కడా మాట తప్పలేదు. మెస్‌లో పప్పు, చారు ఉంటాయన్నారు, ఉన్నాయి. చారు రుచి సంగతి వేరు. సర్వీస్ ఛార్జీగా తీసుకున్న లక్షన్నరకు ఈ పని వరకు నాకు ఫిర్యాదు లేదు.

నా అభ్యంతరమంతా కౌన్సెలింగ్ మీదే. ఆ రోజు కౌంటర్‌లో కూర్చున్నాయన బ్రోచర్ వెనక పెన్నుతో ‘6 + 1 = డాక్టర్’ అని, అంటే ఏడేళ్లలో డాక్టర్ అయిపోతానని, రాసి, దాని కింద రెండు గీతలు గీసి, మా నాన్నగారి చేతిలో పెట్టారు. ఆ కాగితం ఇప్పటికీ మా ఇంట్లో సర్టిఫికెట్ల ఫైలులో ఉంది. నా లెక్క మాత్రం ఇలా నడిచింది: 2018లో తిరిగివచ్చాక ఎఫ్‌ఎంజీఈ (విదేశాల్లో వైద్యం చదివినవారు ఇక్కడ ప్రాక్టీసుకు రాయాల్సిన పరీక్ష) మొదటిసారి తప్పాను, మూడు వందల ప్రశ్నల్లో 150 రావాలి, నాకు 141 వచ్చాయి. రెండోసారి గట్టెక్కి, ఒక ఏడాది హౌస్ సర్జన్ చేసి, కోవిడ్ వల్ల వాయిదాలు పడుతూ 2021 సెప్టెంబరులో జరిగిన నీట్ పీజీ రాసి, మరుసటి ఏడాది ఎంఎస్‌లో చేరేసరికి ఇంటి నుంచి బయలుదేరి పదేళ్లయింది. నడుమనున్న ఈ మెట్లలో ఏ ఒక్కటీ ఆ బ్రోచర్ వెనక లేదు.

భాష గురించి కూడా ఒక్క మాటైనా చెప్పి ఉండాల్సింది. పాఠాలు ఇంగ్లీషులోనే జరిగాయి, కానీ వార్డులో రోగి జార్జియన్‌లోనే మాట్లాడుతుంది. ‘సాద్ గ్ట్కివాత్?’, అంటే ‘ఎక్కడ నొప్పిగా ఉంది?’ అని అడగడం నాలుగో ఏడు నాటికి నాకు బాగానే వచ్చింది. ఆమె చెప్పే జవాబు అర్థం కావడానికి మరో ఏడాది పట్టింది. భాష మీద శ్రద్ధ పెట్టని మా బ్యాచ్‌వాళ్లు కొందరు క్లినికల్ సంవత్సరాలను గోడకు ఆనుకుని నిలబడి గడిపేశారు. నాకు సంతానలేమి చికిత్స మీద ఆసక్తి కలిగింది కూడా అక్కడే. జార్జియాలో 1997 నుంచే చట్టం సరోగసీని అనుమతిస్తోంది కాబట్టి, ఇతర దేశాల నుంచి వచ్చిన దంపతులను ఆసుపత్రి వరండాల్లో తరచూ చూసేవాళ్లం.

ఇప్పుడు వెళ్లేవారికి నిబంధనలు ఇంకా బిగిశాయి. నీట్ యూజీ అర్హత తప్పనిసరి. 2021 నవంబరు నాటి ఎన్‌ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, అదే విదేశీ సంస్థలో పన్నెండు నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి, ఇక్కడికి వచ్చాక మరో పన్నెండు నెలలు చేయాలి, ఆ దేశంలో ప్రాక్టీసుకు రిజిస్టర్ కాగల అర్హతా ఉండాలి. మామయ్యకు ఇచ్చిన కొత్త బ్రోచర్‌లో వీటిలో మొదటిదైన నీట్ అర్హత మాత్రమే కనిపించింది.

ఇక ‘ఐవీఎఫ్ డిప్లొమా’ సంగతి. 2021 ఏఆర్‌టీ చట్టం (ఐవీఎఫ్ వంటి సంతాన సాఫల్య చికిత్సలను నియంత్రించే చట్టం) వచ్చాక ఐవీఎఫ్ క్లినిక్‌లో గైనకాలజిస్టుగా పనిచేయాలంటే ముందు గైనిక్‌లో పీజీ ఉండాలి, ఆపైన ఈ శాఖలో శిక్షణో, అనుభవమో చూపాలి. ల్యాబ్‌లో అండాలను, పిండాలను చూసుకునే ఎంబ్రియాలజిస్టు దారి వేరు, దాని చదువూ వేరు. మూడు నెలల సర్టిఫికెట్ ఈ రెండింటిలో దేనికీ సరిపోదు. నాతో చదివిన ఒక అమ్మాయి వేరొకచోట అలాంటి కోర్సుకే డబ్బు కట్టింది. ఇప్పుడు ఒక క్లినిక్‌లో కేసు షీట్లు రాస్తూ, దంపతులకు ఇంజెక్షన్ల వేళలు చెబుతోంది. చిన్న పని అని అనను, కానీ ఆమెకు అమ్మింది ఆ పని కాదు.

ఆ తేడా ఆపరేషన్ థియేటర్‌లో నిలబడితే తెలుస్తుంది. అండాలు పక్వమయ్యేందుకు చివరగా ఇచ్చే ట్రిగ్గర్ ఇంజెక్షన్ వేసిన దాదాపు 36 గంటలకు అండాలను తీయాలి. ఆలస్యమైతే అవి విడుదలైపోతాయి. అల్ట్రాసౌండ్ తెర మీద నల్లటి గుండ్రని ఫాలికల్‌లోకి (అండం ఉండే ద్రవపు సంచిలోకి) సూది వెళ్లగానే అది చూస్తుండగానే ముడుచుకుపోతుంది, లేత గోధుమరంగు ద్రవం వెచ్చటి గొట్టంలోకి దిగుతుంది. దాన్ని పక్క గది కిటికీలోంచి అందిస్తే మైక్రోస్కోప్ దగ్గరి నుంచి ‘ఒకటి’ అని, అంటే ఒక అండం దొరికిందని, వినిపించేదాకా మా గదిలో ఎవరూ మాట్లాడరు. మొదటిసారి నా చేతికి సూది ఇచ్చింది ఎంఎస్ అయ్యాకే. అదీ నాకు నేర్పే మేడమ్ చెయ్యి నా చేతి పక్కనే ఉండగా.

వీసా, హాస్టల్ పనులకు ఐదుకు నాలుగు, కౌన్సెలింగ్‌కు ఒకటి ఇస్తాను. గత నెల ఆ సంస్థవారే ఫోన్ చేసి, ‘మేడమ్, మా పూర్వ విద్యార్థిగా ఒక వీడియో ఇవ్వండి’ అని అడిగారు. నా పదమూడేళ్ల లెక్కను ఎఫ్‌ఎంజీఈ మార్కులతో సహా తెర మీద వేస్తే తప్పకుండా ఇస్తానన్నాను. సార్‌ను అడిగి చెబుతామన్నారు. ఇంకా చెప్పలేదు.